జబ్బు జన్యువు జాడ: మీ దగ్గరున్న కుటుంబానికి ఏ లెక్క సరిపోతుంది?

ఒక ఇంట్లో కనిపించే జబ్బుకు కారణమైన జన్యువును వెతకాలని వంశవృక్షం ముందు పెట్టుకుని "దీన్ని మెర్లిన్‌లో నడపాలా, ప్లింక్‌లో నడపాలా, నేరుగా ఎక్సోమ్ చేయించేయాలా?" అని అడిగితే జవాబు సాఫ్ట్‌వేర్‌లో దొరకదు. ఆ వంశవృక్షంలోనే దొరుకుతుంది. (మెర్లిన్, ప్లింక్ జన్యు లెక్కలు కట్టే ప్రోగ్రాములు; ఎక్సోమ్ అంటే జీనోములో ప్రోటీన్ రాసే భాగాలను చదవడం.) జబ్బు తరతరాలా దిగుతోందా, ఒకే తరంలో తోబుట్టువులకు మాత్రమే వచ్చిందా? తల్లిదండ్రులు ఒకరికొకరు చుట్టాలా? జబ్బు పసితనంలోనే బయటపడుతుందా, అరవై దాటాకా? తల్లిదండ్రుల రక్తం ఇప్పుడు దొరుకుతుందా? పద్ధతి ఏదో తేల్చేవి ఈ ప్రశ్నలే.

తొందరలో ఉన్నవాళ్ల కోసం తీర్పు ముందే చెబుతాం. తరం తప్పకుండా దిగే అరుదైన జబ్బు, నమూనాలు దొరికే మూడు తరాల పెద్ద కుటుంబం ఉంటే పారామెట్రిక్ లింకేజీ (జబ్బు ఏ మార్కర్‌తో, అంటే చోటు తెలిసిన ఏ డీఎన్‌ఏ గుర్తుతో కలిసి దిగుతోందో చూసే లెక్క), అంటే లాడ్ స్కోరు. తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉండి, వాళ్లది దగ్గరి చుట్టరికం అయి, పిల్లల్లో జబ్బు ఉంటే హోమోజైగాసిటీ మ్యాపింగ్. షుగరు, ఆస్తమా లాంటి పలు కారణాల జబ్బయితే లింకేజీ మీద డబ్బు పెట్టకండి, కుటుంబ ఆధారిత అసోసియేషన్‌కి (ఏ జన్యు రూపం జబ్బున్నవాళ్లకు ఎక్కువగా దిగుతోందో చూసే లెక్కకు) వెళ్లండి. ఇంట్లో ఒక్క బిడ్డకే జబ్బు ఉండి, వెనక ఎవరికీ లేకపోతే తల్లీ తండ్రీ బిడ్డా ముగ్గురి ఎక్సోమ్. ఇక ఈ తీర్పు వెనకున్న లెక్కలు, వాటిని పాడుచేసే పొరపాట్లు చూద్దాం.

ముందు చుట్టరికం సరిచూడండి

తెలుగు ఇళ్లలో వంశవృక్షం రాసుకునేటప్పుడు దొర్లే మొదటి తప్పు పిలుపుల దగ్గర. పెదనాన్న కొడుకు కూడా "అన్నయ్య"నే. ఫారం నింపేవారు "మీ అన్నయ్యకీ ఈ జబ్బుందా?" అని అడిగి, "ఉంది" అనగానే సొంత అన్నగా రాసేస్తే లెక్క మొత్తం పక్కదారి పడుతుంది. "బావ" అన్నది ఇంకా చిక్కు: అత్త కొడుకు కావచ్చు, అక్క మొగుడు కావచ్చు, రెండూ ఆయనే కావచ్చు. అందుకే పిలుపును కాదు, "ఆయన తల్లి ఎవరు, తండ్రి ఎవరు" అన్నదే రాయాలి. చనిపోయినవాళ్లనూ, పసికందులుగా పోయినవాళ్లనూ వదలకూడదు.

తర్వాత జన్యు డేటాతో తనిఖీ. కింగ్ ప్రోగ్రామ్ ఇచ్చే కిన్‌షిప్ విలువ (చుట్టరికపు కొలత) సొంత తోబుట్టువులకూ, తల్లి-బిడ్డలకూ 0.25 దగ్గర, మొదటి వరస కజిన్లకు 0.0625 దగ్గర ఉండాలి. 0.177 దాటితే మొదటి డిగ్రీ, 0.0884 నుంచి 0.177 మధ్య ఉంటే రెండో డిగ్రీ అని లెక్క. తరతరాలుగా మేనరికాలున్న ఇంట్లో ఈ అంకెలు కాస్త పైకి జరుగుతాయి, అది తప్పు కాదు. మెండెల్ నియమాలకు పొసగని జీనోటైపులను (ఒక్కో చోట మనిషికున్న జన్యు రూపాలను) పెడ్‌చెక్ ప్రోగ్రామ్‌తో ఏరేయండి. ఎక్కడో ఒక మార్కర్ దగ్గర తేడా వస్తే ల్యాబ్ పొరపాటు. ఒకే మనిషి దగ్గర వందలు వస్తే ట్యూబులు మారి ఉండాలి, లేదా తండ్రి వేరై ఉండాలి. రెండోది తేలితే ఆ సంగతి కుటుంబానికి పొక్కకుండా చూడటం మీ బాధ్యత. దాన్ని ఎలా నడపాలో నమూనాలు తీసుకోకముందే రాసిపెట్టుకోవాలి.

లాడ్ స్కోరు: పెద్ద కుటుంబం ఉంటే దీన్ని మించింది లేదు

న్యూటన్ మోర్టన్ 1955లో ఇచ్చిన లెక్క ఇది. మార్కరూ జబ్బు జన్యువూ పక్కపక్కనే ఉంటే ఈ కుటుంబంలో ఈ డేటా కనబడే సంభావ్యత ఎంత? రెండింటికీ సంబంధమే లేకపోతే ఎంత? మొదటిదాన్ని రెండోదానితో భాగించి, 10 ఆధారంగా లాగరిథం తీస్తే లాడ్ వస్తుంది. 3 వస్తే లింకేజీ వైపు మొగ్గు 1000 రెట్లు. మైనస్ 2కి దిగితే ఆ చోటును కొట్టేయొచ్చు. జీనోమ్ అంతా గాలించేటప్పుడు 3.3 దాటాలని లాండర్, క్రుగ్‌ల్యాక్ 1995లో సూచించారు.

కుటుంబం సరిపోతుందా లేదా అన్నది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రీకాంబినేషన్ (క్రోమోజోము జంట ముక్కలు మార్చుకోవడం) జరగలేదని స్పష్టంగా తెలిసిన ప్రతి క్షయకరణ విభజనకూ (అండం, వీర్యకణం తయారయ్యే విభజనకు) 0.3 వస్తుంది. పది ఉంటే 3. కానీ తల్లి లేదా తండ్రిలో జబ్బు యుగ్మవికల్పం (జన్యువు రూపం) ఏ మార్కర్ పక్కన కూర్చుందో తెలియకపోతే ఒక 0.3 పోతుంది, అంటే రెండే తరాలున్న ఇంట్లో 3 దాటాలంటే 11 మంది పిల్లలు కావాలి. తాతది గానీ నాయనమ్మది గానీ నమూనా దొరికితే ఆ నష్టం పూడుతుంది. ఊరికి వెళ్లే ముందు ఎవరి రక్తం తప్పనిసరో ఈ లెక్కే చెబుతుంది: నలుగురు మనవల కన్నా బతికున్న ఒక్క తాత నమూనా కొన్నిసార్లు ఎక్కువ పనిచేస్తుంది.

ఒక్క తప్పు ఖరీదు కూడా చూడండి. పది విభజనల్లో తొమ్మిది పొసగి ఒకటి అడ్డం తిరిగితే, గరిష్ఠ లాడ్ 3.0 నుంచి 1.6కి పడిపోతుంది. ఆ ఒకటి నిజమైన రీకాంబినేషన్ కావచ్చు, జబ్బు నిర్ధారణలో పొరపాటూ కావచ్చు. అదే లక్షణాలు వేరే కారణంతో వచ్చిన మనిషిని ఫీనోకాపీ అంటారు. రొమ్ము క్యాన్సర్ లాంటి సాధారణ జబ్బుల్లో వీళ్లు దాదాపు ప్రతి పెద్ద కుటుంబంలోనూ తగులుతారు. 1990లో మేరీ-క్లేర్ కింగ్ బృందం 17వ క్రోమోజోము మీద బీఆర్‌సీఏ1 చోటు చూపగలగడానికి కారణం, చిన్న వయసులో క్యాన్సర్ వచ్చిన కుటుంబాలను ముందుకు తెచ్చి చూడటం. వయసు మీరాక వచ్చిన కేసులనూ సమానంగా కలిపితే ఆ సంకేతం మసకబారిపోతుంది.

పారామెట్రిక్ అన్న పేరులోనే దీని బలహీనత ఉంది. జబ్బు బహిర్గతమా (ఒక్క ప్రతి మారినా వస్తుంది) అంతర్గతమా (రెండు ప్రతులూ మారితేనే వస్తుంది), జనాభాలో ఆ యుగ్మవికల్పం ఎంత, మార్పు ఉన్నవాళ్లలో ఎంతమందికి జబ్బు బయటపడుతుంది అన్నవన్నీ ముందే చెప్పాలి. ఈ చివరిదే పెనిట్రెన్స్. దీన్ని 1 అని పెట్టి, జబ్బు నలభై ఏళ్లకు గానీ రాని కుటుంబంలో పాతికేళ్ల కుర్రాడిని "జబ్బు లేదు" అని రాస్తే, అతనిలో ఆ మార్పు ఉన్నప్పుడు లాడ్ కుప్పకూలుతుంది. రెండు దారులున్నాయి. ఒకటి, వయసును బట్టి వేర్వేరు పెనిట్రెన్స్ తరగతులు. రెండోది తేలిక: ఆరోగ్యంగా ఉన్నవాళ్లందరి జబ్బు గడిలో "తెలియదు" అని 0 పెట్టి, జబ్బున్నవాళ్లతోనే లెక్క నడపడం. కొంత బలం తగ్గుతుంది, కానీ తప్పుదారి పట్టదు. వయసు వివరాలు సరిగ్గా లేకపోతే మా ఓటు రెండోదానికే.

ఏ ప్రోగ్రామ్ అన్నది కుటుంబం పరిమాణాన్ని బట్టే. ఎల్‌స్టన్-స్టీవర్ట్ పద్ధతి (1971) మనుషులు ఎంతమంది ఉన్నా తట్టుకుంటుంది, మార్కర్లు నాలుగైదు దాటితే మొరాయిస్తుంది. లాండర్-గ్రీన్ పద్ధతి (1987) సరిగ్గా తిరగేసి ఉంటుంది: వేల మార్కర్లను మింగేస్తుంది, మనుషులు పెరిగితే చేతులెత్తేస్తుంది. మెర్లిన్ రెండో రకం. దాని పరిమితిని బిట్లలో కొలుస్తారు: తల్లిదండ్రులు వంశవృక్షంలో ఉన్నవాళ్ల సంఖ్యను రెట్టింపు చేసి, బయటినుంచి వచ్చినవాళ్ల సంఖ్య తీసేయాలి. తాతా నాయనమ్మా, వాళ్ల ముగ్గురు పిల్లలూ, కోడళ్లూ అల్లుళ్లూ కలిపి ముగ్గురూ, తొమ్మిది మంది మనవలూ ఉంటే 24 లోంచి 5 పోగా 19 బిట్లు. మెర్లిన్ మామూలు హద్దు 24 కాబట్టి నడుస్తుంది. మనవలు పదిహేను మంది అయితే 31. నడవదు. అప్పుడు చాలామంది కుటుంబాన్ని ముక్కలు చేస్తారు. ముక్క చేసిన ప్రతిచోటా సాక్ష్యం పోతుంది. ముందు జబ్బు లేని, కింద సంతానం లేని కొమ్మలను తీసి చూడండి. అదీ చాలకపోతే సిమ్‌వాక్2 లాంటి, యాదృచ్ఛికంగా అవకాశాలను ఏరి అంచనా వేసే ప్రోగ్రామ్‌కి మారండి.

ఎస్‌ఎన్‌పీ (డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడా ఉండే చోటు) చిప్ నుంచి లక్షల మార్కర్లు వచ్చాయని అన్నీ తోసేయకండి. పక్కపక్క ఎస్‌ఎన్‌పీలు కలిసి ప్రయాణిస్తాయి కాబట్టి, తాతముత్తాతల నమూనాలు లేనప్పుడు జనాభాలో మామూలుగా ఉండే పోలికనే ప్రోగ్రామ్ రక్తసంబంధపు పోలికగా పొరబడి దొంగ శిఖరం చూపిస్తుంది. కొన్ని వేల మార్కర్లకు పలచన చేయండి, లేదా మెర్లిన్‌లో గుత్తులుగా కట్టండి. మార్కర్ల ఫ్రీక్వెన్సీలు కూడా అంతే ముఖ్యం. నమూనా లేని పెద్దల స్థానంలో ప్రోగ్రామ్ ఊహించేది వాటినుంచే. యూరప్ జనాభా అంకెలు పెట్టొద్దు. 1000 జీనోమ్స్ అనే అంతర్జాతీయ ప్రాజెక్టు మూడో దశలో బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ల 102 నమూనాలున్నాయి, అవి మెరుగు. అదే కులం నుంచి చుట్టరికం లేని యాభై అరవై మందిని మీరే టైప్ చేయగలిగితే ఇంకా మెరుగు.

ఈ పద్ధతి తుది జన్యువును చేతిలో పెట్టదని గుర్తుంచుకోవాలి. హంటింగ్‌టన్ జబ్బు చోటు 4వ క్రోమోజోము మీద ఉందని వెనిజులాలోని మరకైబో సరస్సు ఒడ్డు కుటుంబాల సాయంతో 1983లో తేలింది. జన్యువు దొరికింది 1993లో. ఆ పదేళ్ల పనిని ఇప్పుడు సీక్వెన్సింగ్ చాలావరకు తగ్గించింది, కానీ ఇంటర్వెల్ (జన్యువు ఉండగల హద్దుల మధ్య చోటు) పెద్దదైతే అందులో అనుమానితుల జాబితా ఇప్పటికీ పెద్దదే.

మోడల్ లేని లింకేజీ: ఎప్పుడు విలువైనది, ఎప్పుడు వృథా

జబ్బు ఎలా సంక్రమిస్తోందో తెలియనప్పుడు అడిగే ప్రశ్న సాదాగా ఉంటుంది: జబ్బున్న ఇద్దరు తోబుట్టువులు ఒక చోట తల్లిదండ్రుల నుంచి వచ్చిన ముక్కలను మామూలు కంటే ఎక్కువగా పంచుకుంటున్నారా? యాదృచ్ఛికంగా అయితే ఏమీ పంచుకోనివాళ్లు నాలుగో వంతు, ఒకటి పంచుకున్నవాళ్లు సగం, రెండూ పంచుకున్నవాళ్లు నాలుగో వంతు ఉండాలి. దీనికన్నా పైకి వంగితే అక్కడ ఏదో ఉంది. జీనోమ్ మొత్తానికి లాడ్ హద్దు 3.6.

మోడల్ అడగదని ముచ్చటపడకండి. 1996లో రిష్, మెరికంగాస్ వేసిన లెక్క చూడండి. జనాభాలో సగం వాటా ఉన్న యుగ్మవికల్పం జబ్బు ముప్పును రెట్టింపు చేస్తే, తోబుట్టువుల జంటల లింకేజీతో దాన్ని పట్టడానికి దాదాపు 2,500 కుటుంబాలు కావాలి. అదే యుగ్మవికల్పాన్ని నేరుగా పరీక్షించే అసోసియేషన్‌కి 340 చాలు. ముప్పు 1.5 రెట్లే అయితే 18,000కీ 950కీ తేడా. షుగరు, బీపీ లాంటి జబ్బుల్లో ఒక్కో మార్పు ప్రభావం ఇంతకన్నా తక్కువే ఉంటుంది. క్రోన్స్ జబ్బులో 16వ క్రోమోజోము లింకేజీ నుంచి 2001లో ఎన్‌ఓడీ2 జన్యువు దాకా చేరారు నిజమే. ఆ ప్రభావం పెద్దది కాబట్టి కుదిరింది. మధ్యస్థ ప్రభావం ఉన్న జన్యువు, జబ్బున్నవాళ్లు గుంపుగా ఉన్న ఇళ్లు, సంక్రమణ తీరు అంతుచిక్కనప్పుడు మాత్రమే దీన్ని ఎంచుకోండి.

మేనరికపు ఇళ్లు: హోమోజైగాసిటీ మ్యాపింగ్

ఆంధ్ర, తెలంగాణలలో అంతర్గత జబ్బుల మీద పనిచేసేవాళ్లు అన్నిటికన్నా బాగా నేర్చుకోవాల్సినది ఇదే. లాండర్, బోట్‌స్టీన్ 1987లో చూపిన ఆలోచన: తల్లిదండ్రులు చుట్టాలైతే, జబ్బున్న బిడ్డకు ఒకే పూర్వీకుడి ముక్క రెండు వైపుల నుంచీ వచ్చి ఉంటుంది. ఆ ముక్క పొడవునా బిడ్డ సమయుగ్మజం, అంటే రెండు ప్రతులూ ఒకటే. జబ్బున్నవాళ్లందరిలో ఉమ్మడిగా సమయుగ్మజమైన చోటు వెతికితే చాలు.

అత్త బిడ్డా మామ బిడ్డా చేసుకున్న పెళ్లిలో పుట్టిన బిడ్డకు అంతఃప్రజనన గుణకం (ఒక చోట రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే సంభావ్యత) 1/16. మేనమామ-మేనకోడలు పెళ్లిలో 1/8. వేర్వేరు ఇళ్లలో, ఒకే జన్యువు వల్ల జబ్బు వచ్చిన ఒక్కో బిడ్డా మొదటిదాంట్లో 1.2, రెండోదాంట్లో 0.9 లాడ్ దాకా ఇవ్వగలరు. అంటే కజిన్ల పెళ్లిళ్ల పిల్లలు ముగ్గురు గానీ, మేనమామ పెళ్లిళ్ల పిల్లలు నలుగురు గానీ ఉంటే 3.6. అదే ఇంట్లో జబ్బున్న రెండో తోబుట్టువు 0.6 కలుపుతారు. ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువు 0.12 మాత్రమే. అందుకే ఆరోగ్యంగా ఉన్న ముగ్గురు అన్నదమ్ముల కోసం చిప్ ఖర్చు పెట్టే ముందు, పక్క ఊళ్లో అదే జబ్బున్న దూరపు చుట్టాన్ని వెతకడం లాభం.

దగ్గరి చుట్టరికం అయితే మంచిదనుకోవడం సగమే నిజం. మేనమామ పెళ్లిలో పూర్వీకుడి నుంచి బిడ్డ దాకా రెండు దారుల్లో కలిపి అయిదే విభజనలు. జబ్బు జన్యువు చుట్టూ సమయుగ్మజ ముక్క సగటున 40 సెంటీమోర్గాన్లు (రీకాంబినేషన్‌ను బట్టి కొలిచే జన్యు దూరం) ఉంటుంది. కజిన్ల పెళ్లిలో ఆరు విభజనలు, 33 సెంటీమోర్గాన్లు. చోటు తేలిగ్గా దొరుకుతుంది, కానీ అందులో జన్యువులు వందల్లో ఉండొచ్చు. దాన్ని కుదించేది దూరపు చుట్టరికంలో పుట్టిన రోగే.

ఇందులో జరిగే పొరపాట్లు మూడింటి మీద శ్రద్ధ పెట్టాలి. మొదటిది: తాతల తరంలోనూ మేనరికాలే అయితే బిడ్డ జీనోములో సమయుగ్మజ భాగం వంశవృక్షం చెప్పే 12.5 శాతాన్ని దాటిపోతుంది. నిజమైన గుణకం 0.2 అయితే ఆ బిడ్డ ఇచ్చే సాక్ష్యం 0.9 కాదు, 0.7. వంశవృక్షపు అంకెతో కాకుండా, ప్లింక్‌లో గానీ బీసీఎఫ్‌టూల్స్‌లో గానీ వచ్చే సమయుగ్మజ పట్టీల (వరసగా సమయుగ్మజమైన పొడవాటి ముక్కల) మొత్తంతో గుణకం లెక్కగట్టండి. రెండోది: చెవుడు లాంటి జబ్బుకు కారణమయ్యే జన్యువులు వందకు పైనే. వేర్వేరు ఇళ్ల రోగులను కలిపి ఉమ్మడి ముక్క వెతికితే ఏమీ దొరకదు. ఇల్లు ఇల్లుగా చూడాలి. అంతకన్నా ముందు జీజేబీ2 జన్యువును, అందులో మన దేశంలో తరచూ కనబడే డబ్ల్యూ24ఎక్స్ మార్పును పరీక్షించేయాలి. మూడోది: మేనరికపు ఇంట్లో పుట్టిన బిడ్డలోనూ ఒకే జన్యువులో రెండు వేర్వేరు మార్పులు ఉండొచ్చు. సమయుగ్మజ పట్టీలే చూస్తే అది జారిపోతుంది. ఇంకొకటి, మగబిడ్డ ఎక్స్ క్రోమోజోము మొత్తం సమయుగ్మజంగా కనిపిస్తుంది. అది పట్టీ కాదు, లెక్కలోంచి తీసేయాలి.

పట్టీకి కనీస పొడవు ఎంత పెట్టాలి? ప్లింక్ మామూలుగా 10 లక్షల బేసులు, 100 ఎస్‌ఎన్‌పీలు తీసుకుంటుంది. మన దగ్గర తరాల తరబడి సొంత కులంలోనే పెళ్లిళ్లు జరుగుతుండటం వల్ల అంత చిన్న పట్టీలు చుట్టరికం లేని వాళ్లలోనూ కనిపిస్తాయి. దగ్గరి మేనరికం ఇళ్లలో 50 లక్షలతో మొదలుపెట్టండి. చుట్టరికం తెలియని, ఒకే ఊరు ఒకే కులం కుటుంబాల్లో మాత్రం చిన్న పట్టీలను వదలకండి. పాత పూర్వీకుడి మార్పు దాక్కునేది వాటిలోనే. ఆర్యవైశ్యుల్లో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ లోపం అటువంటిదే: మత్తుమందుతో పాటు కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ఇచ్చినప్పుడు గానీ బయటపడదు.

టీడీటీ, దాని బంధువులు

తల్లి, తండ్రి, జబ్బున్న బిడ్డ. తల్లిదండ్రుల్లో విషమయుగ్మజులు (రెండు వేర్వేరు యుగ్మవికల్పాలున్నవాళ్లు) ఏ యుగ్మవికల్పాన్ని బిడ్డకు ఇచ్చారు, దేన్ని ఇవ్వలేదు అని లెక్కపెట్టడమే టీడీటీ (ట్రాన్స్‌మిషన్ డిస్‌ఈక్విలిబ్రియం టెస్ట్). స్పీల్‌మన్, మెక్‌గిన్నిస్, ఈవెన్స్ 1993లో ఇన్సులిన్ జన్యువు, టైప్ 1 షుగరు మీద చూపారు: 124 సంక్రమణల్లో 78 సార్లు ఒకే యుగ్మవికల్పం దిగింది, 46 సార్లు దిగలేదు. తేడా 32, దాని వర్గాన్ని 124తో భాగిస్తే కై-స్క్వేర్ 8.26. కాగితం మీద వేయగలిగే లెక్క.

దీని గొప్పదనం, పోలిక ఇంట్లోనే జరగడం. కులాల మధ్య జన్యు ఫ్రీక్వెన్సీలు బాగా తేడాగా ఉండే మన దగ్గర, ఆసుపత్రి రోగులను ఒక సముదాయం నుంచి, కంట్రోల్స్‌ను కాలేజీ విద్యార్థుల నుంచి తీసుకుంటే జబ్బుతో సంబంధం లేని మార్కర్లు కూడా ఎగిసిపడతాయి. టీడీటీకి ఆ బెడద లేదు. ఖరీదు వేరేచోట: సమయుగ్మజులైన తల్లిదండ్రులు లెక్కలోకే రారు. అరుదైన యుగ్మవికల్పం అయితే టైప్ చేసిన ఇళ్లలో ఎక్కువ భాగం వృథా.

తల్లిదండ్రుల్లో ఒకరే దొరికితే, ఆ ఒక్కరితో లెక్క నడపాలన్న ఆశ పుడుతుంది. కొన్ని జీనోటైపుల్లోనే సంక్రమణ తేలుతుంది కాబట్టి ఫలితం ఒక పక్కకు వాలుతుంది. ఎఫ్‌బ్యాట్ ప్రోగ్రామ్ దీన్ని సరిగ్గా సంభాళిస్తుంది. ఇద్దరూ లేని, వయసు మీరాక వచ్చే జబ్బుల్లో ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువులతో పోల్చే సిబ్-టీడీటీ వాడాలి. ఒక ఇంట్లో రోగులు ఇద్దరు ముగ్గురు ఉంటే, లింకేజీ ముందే తెలిసిన చోట వాళ్ల సంక్రమణలు స్వతంత్రం కావు. వాటిని విడివిడిగా కలిపేస్తే పీ విలువ అబద్ధం చెబుతుంది. ఎఫ్‌బ్యాట్‌లో ఎంపిరికల్ వేరియన్స్ ఎంపిక, లేదా పీడీటీ (పెడిగ్రీ డిస్‌ఈక్విలిబ్రియం టెస్ట్) ఇందుకే ఉన్నాయి. జీనోటైపింగ్ తప్పుల సంగతీ చూసుకోండి. మెండెల్ తనిఖీలో పట్టుబడే తప్పులే తొలగిపోతాయి, మిగిలినవి సాధారణ యుగ్మవికల్పం ఎక్కువగా దిగినట్టు చూపిస్తాయి. ఫలితాలన్నీ "సాధారణమైనదే ఎక్కువ దిగుతోంది" అంటుంటే కనుక్కున్నామని సంబరపడేముందు ల్యాబ్ డేటా తిరగేయండి.

పెద్ద కుటుంబాలూ విడి రోగులూ కలగలిసిన డేటా, అదీ బరువు, రక్తపోటు లాంటి కొలతలైతే, చుట్టరికాన్ని మాత్రికగా లోపలికి తీసుకునే మిక్స్‌డ్ మోడళ్లు వాడండి. ఇవి డేటాను వృథా చేయవు. కానీ సముదాయ భేదాల నుంచి టీడీటీ ఇచ్చేంత గట్టి రక్షణ ఇవ్వవు.

ఎక్సోమ్ ఉండగా ఇవన్నీ ఎందుకు?

ఒక్కో మనిషిలో తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు 60, 70 దాకా ఉంటాయి. వాటిలో ప్రోటీన్ రాసే భాగంలో పడేది ఒకటో రెండో. అందుకే ఒక్క బిడ్డకే వచ్చిన తీవ్రమైన జబ్బులో ముగ్గురి ఎక్సోమ్ ఇంత బాగా పనిచేస్తుంది. అక్కడ లింకేజీతో పనిలేదు.

కుటుంబం పెద్దదైతే సంగతి వేరు. ఒక్క రోగి ఎక్సోమ్‌లో అరుదైన, ప్రోటీన్‌ను మార్చే తేడాలు వందల్లో వస్తాయి. లింకేజీ లేదా సమయుగ్మజ పట్టీలు చేతిలో ఉంటే అవి వేళ్ల మీద లెక్కపెట్టేంతకు దిగుతాయి. ఎక్సోమ్‌కి ఎవరిని పంపాలన్నది కూడా ఆ పటమే చెబుతుంది: బహిర్గత జబ్బులో సాధ్యమైనంత దూరపు చుట్టరికం ఉన్న ఇద్దరు రోగులు. తల్లీ కూతుళ్లను పంపితే సగం తేడాలు ఉమ్మడిగానే ఉంటాయి, ఏరడానికి ఏమీ మిగలదు.

కుటుంబం గరిష్ఠంగా ఎంత లాడ్ ఇవ్వగలదో స్లింక్‌తోనో, మెర్లిన్ సిమ్యులేషన్‌తోనో చిప్ కొనకముందే చూడండి. 3 దాటేలా ఉంటే పూర్తి లింకేజీ. 1 నుంచి 2 మధ్య ఉంటే, లింకేజీని రుజువుగా కాకుండా జల్లెడగా వాడి, కొట్టేసిన చోట్లను తీసేసి ఎక్సోమ్ చదవండి. 0.6 దగ్గరే ఆగితే ఎక్సోమ్ తప్ప దారి లేదు, అక్కడ దొరికిన మార్పును ఇతర కుటుంబాల్లో చూసేదాకా పేరు పెట్టకండి.

లాడ్ 3 దాటి, ఆ చోటంతా ఎక్సోమ్‌లో చదివినా ఏమీ దొరకకపోతే లింకేజీ తప్పని తేల్చేయొద్దు. ఎక్సోమ్ చూసేది జీనోములో రెండు శాతం లోపే. హంటింగ్‌టన్‌లో లాగా పునరావృతాల పొడవు పెరగడం, ఇంట్రాన్ల (జన్యువులో ప్రోటీన్ రాయని భాగాల) లోతులో మార్పు, పెద్ద ముక్క పోవడం లేదా తలకిందులవడం అందులో సరిగ్గా కనిపించవు. ముందు ఆ ఇంటర్వెల్‌లో ఏ ఎక్సాన్లకు కవరేజ్ రాలేదో జాబితా తీయండి. తర్వాత పొడవైన రీడ్స్‌తో పూర్తి జీనోమ్ సీక్వెన్సింగ్, వీలైతే రోగి కణజాలంలో ఆర్‌ఎన్‌ఏ. ఆ చోటు హద్దులు గీసింది ఏ ఇద్దరి రీకాంబినేషన్లో చూసి, ఆ ఇద్దరి జబ్బు నిర్ధారణను మరోసారి డాక్టర్‌తో పరీక్షింపజేయండి. వాళ్లలో ఒకరు ఫీనోకాపీ అయితే జన్యువు మీరు గీసిన గీతకు అవతల ఉంటుంది.